కావడి వాలకున్నా అడుగు తడబడడమెందుకు?

“తల తిప్పితే కళ్ళు తిరిగే మనిషి చేత పనిగట్టుకుని తల తిప్పించడం ఏం వైద్యం?” అని బరంపురం నుంచి ఒక పాఠకురాలు అడిగారు. వృద్ధురాలైన తల్లికి ఫిజియోథెరపిస్టు ఆ వ్యాయామం చెబితే, ఇంట్లోవారు పైత్యమని నిమ్మరసమిచ్చి పడుకోబెడుతున్నారట. పర్లాకిమిడి బంధువులు గాలి సోకిందని తాయెత్తు కట్టించారట. తాయెత్తు కంటే ఆ పడుకోబెట్టడమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

తల తిరగడాన్ని పసిగట్టే, లోపలి చెవుల్లోని అర్ధవృత్తాకార నాళాల నుంచి మెదడుకు సంకేతాలు ఎప్పుడూ అందుతూనే ఉంటాయి. తల కదలనప్పుడు సైతం ఒక్కొక్క నాడీతంతువు సెకనుకు సుమారు 90 సంకేతాలు పంపుతుందని కోతులలో తీసిన కొలతలు చెబుతున్నాయి. ఒక్కో చెవి పంపే సంకేతాలను ఒక్కో కుండ బరువనుకుని, దీన్ని రెండు కుండల కావడిగా ఊహించుకోండి. తల కుడికి తిరిగితే కుడి కుండ బరువెక్కి, ఎడమది తేలికవుతుంది. ఆ తేడాను బట్టి మెదడు కళ్ళను అంతే వేగంతో ఎడమకు తిప్పుతుంది. సెకనులో వందో వంతైనా పట్టని ఈ ప్రతీకార చర్య వల్లనే మనం నడుస్తూ దుకాణం బోర్డు చదవగలుగుతున్నాం.

ఒక చెవి హఠాత్తుగా దెబ్బతింటే ఒక కుండకు చిల్లి పడినట్లే. మనిషి కదలకున్నా కావడి వాలుతుంది, గది గిర్రున తిరుగుతుంది. ఆ వాలును మెదడు చాలావరకు తనంతట తానే సరిచేసుకుంటుంది. వార్ధక్యంలో సంగతి వేరు. నాళాల్లో కదలికను పసిగట్టే రోమకణాలు రెండు వైపులా క్రమంగా నశించడం వల్ల కుండలు రెండూ తరుగుతాయి. కావడి వాలదు, గది తిరగదు. కానీ తల తిప్పినప్పుడు తేడా స్వల్పంగానే తెలుస్తుంది కనుక కనుగుడ్లు కదలవలసినంత కదలవు, చూపు చెదురుతుంది, అడుగు తడబడుతుంది. ఈ లోటు పడుకుంటే తీరదు. కంటి లోపలి తెర అయిన రెటీనా మీద బొమ్మ జారిన ప్రతిసారీ ఆ జారుడు చిన్నమెదడుకు పొరపాటుగా నమోదై, తక్కువ తేడాకే కనుగుడ్లు ఎక్కువగా కదిలేలా సవరణ జరుగుతుంది. తల కదలకపోతే బొమ్మ జారదు, బొమ్మ జారకపోతే సవరణ లేదు.

అందుకే గోడ క్యాలెండరులోని ఒక అంకెను, తెలుగైనా ఒడియా అయినా సరే, కంటి ఎత్తున చేయి చాపినంత దూరంలో ఉంచి, చూపు దానిమీదే నిలిపి తలను కుడి ఎడమలకు కొద్దికొద్దిగా తిప్పమంటారు. అంకె చెదరబోయేంత వేగమే సరైన వేగం. నిమిషం చొప్పున రోజుకు కొన్నిసార్లు, మొదట కుర్చీలో కూర్చుని, తరువాత పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి, ఆపైన మడత పెట్టిన బొంత మీద. బొంత మీద పాదాలకు నేల సరిగా తెలియదు కనుక మెదడు చెవుల మీద ఆధారపడక తప్పదు. వీపు వెనుక గోడ మూల, ఎదుట బరువైన కుర్చీ, పక్కన ఒక మనిషి ఉండి తీరాలి. కాస్త కళ్ళు తిరగడం సహజమే, ఆపాక త్వరగా సర్దుకోవాలి. 1940లలో ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనే వైద్యులు తలకు గాయాలైన రోగులకు ఇటువంటి కదలికలనే క్రమపద్ధతిలో నేర్పారు.

తల తిరుగుడు తగ్గించే మాత్రలలో కొన్నింటిని ఎక్కువ కాలం వాడితే ఈ సవరణే మందగిస్తుంది. ఎన్నాళ్ళు వాడాలో వైద్యుణ్ణి అడగండి. పక్క మీద దొర్లినప్పుడు మాత్రమే, నిమిషం లోపు, గిర్రున తిరిగితే అది సాధారణంగా చెవిలోని సున్నపు రేణువులు నాళంలోకి జారినందువల్ల వచ్చేది. దానికి ఎప్లీ పద్ధతిలో తలను వంచి వాటిని వెనక్కి పంపుతారు. మాట తడబడినా, వస్తువులు రెండుగా కనిపించినా, చేయి పట్టు తప్పినా వ్యాయామం ఊసెత్తకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.