“ఎడిటింగ్‌లో చూసుకుందాం లెండి”: ఫొటోల మీద అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఫొటోగ్రాఫర్ వారం ఒక్క తీరుగా నడవదు. ఆదివారం రాత్రి నాగోల్‌లో పెళ్లి, మంగళవారం గచ్చిబౌలి ఆఫీసులో నలభై మందికి ప్రొఫైల్ ఫొటోలు, శనివారం పొద్దున్నే అమెరికా నుంచి వచ్చిన కుటుంబంతో గోల్కొండ. మూడింటికీ కెమెరా ఒకటే, వెలుతురు మాత్రం వేరు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకపోవడం వల్లే కింది అపోహల్లో చాలా మటుకు పుట్టుకొచ్చాయి.

అపోహ: మంచి కెమెరా ఉంటే జీలకర్ర బెల్లం ఫొటో దానంతటదే వస్తుంది.

ఆ ఘట్టంలో కెమెరా ధర కంటే ఫొటోగ్రాఫర్ నిలబడ్డ చోటే ముఖ్యం. వధూవరుల మధ్య అడ్డుతెర ఉంటుంది కాబట్టి ఒక పక్క నుంచి చూసేవాళ్లకు ఒక ముఖమే కనిపిస్తుంది. అందుకే కనీసం ఇద్దరు ఫొటోగ్రాఫర్లు కావాలి. పెళ్లికూతురి భుజం మీదుగా ఒకరు పెళ్లికొడుకు ముఖం పట్టుకుంటే, అటు నుంచి రెండో వాళ్లు పెళ్లికూతురి ముఖం పట్టుకోవాలి. ఎదురుగా వీడియో వాళ్లు ఎలాగూ ఉంటారు. ముహూర్తం దగ్గరపడగానే గట్టిమేళం మొదలవుతుంది, ఇక పక్కవాడి మాట కూడా వినపడదు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ చేతి సైగకు ఏం చేయాలో కనీసం పావుగంట ముందే అనుకోవాలి.

తెర పట్టుకున్న బంధువులకూ ఒక మాట చెప్పి ఉంచాలి: తెరను పక్కకు లాగొద్దు, కిందికి దించండి, ఛాతీ దాకా వచ్చాక ఐదారు సెకన్లు ఆపండి. పక్కకు లాగితే ఆ గుడ్డ ఏదో ఒక లెన్సుకు అడ్డం పడుతుంది. ఇద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకునే క్షణం దాని వెనకే పోతుంది. పురోహితుల వారిని ముందే పలకరించి, ఏ మంత్రం తర్వాత తెర దించుతారో అడిగి తెలుసుకోవడం కూడా మా పనిలో భాగమే.

అపోహ: తలంబ్రాలకు షట్టర్ స్పీడు ఎంత పెంచితే అంత మంచిది.

సగం నిజం. షట్టర్ తెరిచి ఉండే సమయం 1/500 సెకను పెడితే గింజలు గాల్లో ఆగినట్టే పడతాయి. చిక్కు డెకరేషన్ లైట్లతో వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. మన కంటికి తెలియదు, కెమెరా సెన్సరుకు తెలుస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఫొటోకు అడ్డంగా నల్లటి చారలు పడతాయి, ఒక ఫొటో పసుపుగా, పక్క ఫొటో గులాబీగా వస్తుంది. చప్పుడు లేని సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్ పెడితే చారలు ఇంకా ఎక్కువ. మెకానికల్ షట్టర్‌తో 1/100 పెట్టి ఫ్లాష్ వాడితే రెండూ కుదురుతాయి: లైట్ల చారలు చాలా మటుకు తప్పుతాయి, పావు పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపే కాబట్టి గింజలూ ఆగుతాయి. ఎల్‌ఈడీ వాల్ ఉంటే దాని మినుకు లెక్క వేరు, ముందుగా నాలుగు ఫొటోలు తీసి చూసుకోవాల్సిందే.

ఇప్పుడు తలంబ్రాల్లో తెల్లటి థర్మోకోల్ గుండ్లు కలుపుతున్నారు. లెన్సుకు జానెడు దూరంలో ఒక్కటి పడి దాని మీద ఫ్లాష్ కొట్టిందంటే, పెళ్లికొడుకు ముక్కు మీద చంద్రుడు ఉదయించినట్టే. ఫ్లాష్‌ను కెమెరా మీంచి తీసి పక్కన స్టాండ్ మీద పెడితే ఈ బాధ తగ్గుతుంది. హోమం పొగకూ ఇదే మందు. ఎదురు ఫ్లాష్ కొడితే పొగ తెల్లటి గోడలా అడ్డం నిలుస్తుంది, పక్క నుంచి కొడితే అదే పొగ అందంగా తేలుతుంది.

అపోహ: ముఖం తెల్లగా రావాలంటే ఎక్స్‌పోజర్ పెంచాలి.

ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే కాస్త వివరంగా. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచితే సెన్సరు మీద పడే వెలుతురు రెట్టింపవుతుంది. ముఖం తెల్లబడే లోపే ఎర్ర పట్టుచీర చచ్చిపోతుంది. ఎరుపు మీద వెలుతురు ఎక్కువైతే ఫైల్లో రెడ్ ఛానల్ 255 దగ్గర, అంటే దాని గరిష్ఠం దగ్గర, ఆగిపోతుంది. అక్కడి నుంచి మడతలకూ నేతకూ తేడా లేక చీరంతా ప్లాస్టిక్ గుడ్డలా కనిపిస్తుంది. వెలుతురు పంపకాన్ని గ్రాఫుగా చూపే మామూలు హిస్టోగ్రామ్ ఇది చెప్పదు, మూడు రంగులూ విడివిడిగా చూపించే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిచి పెట్టుకోవాలి. ఎర్ర చీర, బంగారు జరీ ఉన్నప్పుడు మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల స్టాప్ దాకా తగ్గించి తీయడమే మంచిది. రా ఫైల్లో (కెమెరా దాచే ముడి ఫైలు) నీడలను తర్వాత ఎత్తుకోవచ్చు, పోయిన ఎరుపు తిరిగి రాదు. “ఎడిటింగ్‌లో చూసుకుందాం లెండి” అనే మాట సరిగ్గా ఇక్కడే చెల్లదు.

పెళ్లికూతుర్ని చేసే రోజు ఇంకో తమాషా. ఒంటికి పసుపు, గుమ్మానికి బంతిపూలు, చీర కూడా పసుపే. రంగులను కెమెరా తానే సరిదిద్దే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ పసుపునంతా తప్పుగా ఎంచి నీలం కలుపుతుంది, ముఖం పాలిపోతుంది. గ్రే కార్డు (బూడిదరంగు అట్ట) పట్టించి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టడానికి అర నిమిషం చాలు. చామనఛాయ ముఖం చామనఛాయగా, మెరుపుతో రావాలంటే కావాల్సింది తెల్లరంగు కాదు, పక్క నుంచి పడే మెత్తటి వెలుతురు. అమ్మమ్మను కూడా పాలరాతి బొమ్మలా చేసిన ఆల్బమ్‌లు ఈ ఊళ్లో కావాల్సినన్ని ఉన్నాయి.

అపోహ: ఫోన్ ఉండగా ఊళ్లు తిరగడానికి ఫొటోగ్రాఫర్ ఎందుకు?

పగటి వెలుతురులో చాలాసార్లు అవసరం లేదు, నిజమే. కాకపోతే రెండు సంగతులు. గుంపు ఫొటోకు ఫోన్‌లో 0.5 (అల్ట్రావైడ్) లెన్స్ వాడితే అంచుల్లో ఉన్నవాళ్లు సాగిపోతారు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి 1 మీదే తీయండి, పెద్దవాళ్లను మధ్యలో కూర్చోబెట్టండి. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక మసక చాలా వరకు ఫోన్ సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి వేసేది. మల్లెపూల దండ అంచు, జుంకీల కింది మువ్వలు, చెదిరిన వెంట్రుకలు, అన్నీ దాని చేతిలో తెగిపోతుంటాయి.

అసలు తప్పు వేళలో జరుగుతుంది. చార్మినార్ నాలుగు తోరణాలూ నాలుగు దిక్కులకు ఉన్నాయి. పొద్దున ఎండ తూర్పు ముఖం మీద, సాయంత్రం లాడ్ బజార్ వైపున్న పడమటి ముఖం మీద పడుతుంది. అందరూ ఫొటో దిగేదేమో గుల్జార్ హౌస్ వైపు నుంచి, అంటే ఉత్తరం ముఖం. డిసెంబర్, జనవరిలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి ఆ ముఖం రోజంతా నీడలోనే ఉంటుంది. ఎన్నారై కుటుంబాలు దిగేదీ ఆ నెలల్లోనే! అటు నుంచే కావాలంటే సూర్యుడు అస్తమించిన పావుగంటకు, దీపాలు వెలిగి ఆకాశం ఇంకా నీలంగా ఉన్నప్పుడు తీయాలి.

మధ్యాహ్నం ఫొటోలు రావన్నదీ పూర్తి నిజం కాదు. మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మన ఊళ్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉంటాడు, కళ్లు రెండు గుంటల్లా కనిపిస్తాయి. అప్పుడు కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఏదైనా తోరణం కింద, ఎండ అంచు నుంచి మూడు నాలుగు అడుగులు లోపలికి నిలబెట్టి, ముఖాలు బయటికి తిప్పించండి. ఎండపడ్డ నేలే కింద నుంచి వెలుతురు విసురుతుంది. డ్రోన్ ఎగరేయాలనుకుంటే ముందు డ్రోన్ల ప్రభుత్వ సైటు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడండి. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్, ఊరికి ఏ వైపు వెళ్లినా రన్‌వే ఉంది.

అపోహ: 85 ఎంఎం లెన్స్ వాడితేనే ముఖం అందంగా వస్తుంది.

ముక్కు పెద్దగా కనిపించడానికి కారణం లెన్స్ కాదు, దూరం. రెండడుగుల నుంచి ఏ లెన్సుతో తీసినా ముక్కు ముందుకొస్తుంది, ఆరేడు అడుగుల నుంచి తీస్తే సర్దుకుంటుంది. అంత దూరం నుంచి తల, భుజాలు ఫ్రేము నిండా రావడానికి 85 పనికొస్తుంది, అంతే. కళ్లజోడులో లైటు మెరిస్తే లైటును పైకెత్తండి, చెవుల దగ్గర కళ్లజోడు కాడలను రవ్వంత లేపండి. గడ్డం కాస్త ముందుకు తెచ్చి కిందికి దించమని చెప్పండి. ఆఫీసు పనిలో మనిషికి ఆరు నిమిషాలు వస్తే గొప్ప, అందులో నాలుగు ఈ సర్దుబాట్లకే పోతాయి.

అపోహ: వీసా ఫొటోనే కదా, ఎవరు తీసినా ఒకటే.

అమెరికా వీసాకు 2 అంగుళాల చదరం. తల ఎత్తు గడ్డం నుంచి నడినెత్తి దాకా 1 నుంచి 1⅜ అంగుళాలు ఉండాలి. ఫొటో 6 నెలల లోపుది కావాలి. డిజిటల్ అయితే 600 నుంచి 1200 పిక్సెళ్ల చదరం, 240 కేబీ దాటకూడదు. 2016 నవంబర్ నుంచి కళ్లజోడు కూడదు. తెల్ల చొక్కాతో వస్తే భుజాలు తెల్ల గోడలో కలిసిపోతాయి. గోడకు ఆనుకుంటే చెవి వెనక నీడ పడుతుంది, నాలుగడుగులు ముందుకు రండి. పుట్టుమచ్చ చెరిపేయమని అడగకండి, మార్పులు చేసిన ఫొటో తిరస్కరణకు గురవుతుంది.

అపోహ: ఫొటోల హక్కు ఫొటోగ్రాఫర్‌దే.

మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారులు. ఆ ఫొటోలను ఫొటోగ్రాఫర్ తన పేజీలో పెట్టుకోవాలంటే ఒప్పందంలో ఆ మాట రాయించుకోవాలి. రా ఫైళ్లు ఇస్తారా లేదా అన్నదీ అడ్వాన్స్ ఇచ్చే రోజే కాగితం మీద పెట్టండి. పెళ్లికి ఎవరు వస్తారన్నదీ అంతే. మంచి ముహూర్తం ఉన్న రాత్రి ఊరంతా పెళ్లిళ్లే. పేరున్నవాళ్లు రెండు మూడు ఒప్పుకుని ఒకదానికి వేరేవాళ్లను పంపిస్తుంటారు. మాట్లాడిన మనిషే వస్తాడా అని అడగడానికి మొహమాటపడొద్దు.

అపోహ: వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలతోనే ఆల్బమ్ వేయించుకోవచ్చు.

12x36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్‌లో తెరిచిన ఒక షీటు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) మీద 10800x3600 పిక్సెళ్లు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదిస్తుంది, అది ఐదంగుళాల పైచిలుకుకే సరిపోతుంది. మామయ్య ఫోన్లో ఉన్న ఆ ఒక్క ఫొటో ఆల్బమ్‌లో కావాలంటే, డాక్యుమెంట్‌గా పంపమనండి. అది కూడా సెలెక్షన్ ఇచ్చే లోపు. డిజైన్ అయిపోయాక ఒక్క ఫొటో చేర్చాలన్నా ఆ షీటంతా విప్పి మళ్లీ సర్దాలి.