పాఠం అరువు, యూనిఫాం సొంతం: అమెరికా 'డేర్' వెనకటి కథ

1974 నుంచి లాస్ ఏంజెలెస్ హైస్కూళ్లలో కొందరు విద్యార్థులు నిజానికి పోలీసులు. చిన్నకుర్రాళ్లలా కనిపించే కొత్త పోలీసులను ఏరి, పుస్తకాలిచ్చి క్లాసులో కూర్చోబెట్టేవారు. తోటి పిల్లల దగ్గర గంజాయి కొని, ఎవరు అమ్ముతున్నారో పట్టివ్వడం వాళ్ల పని. అరెస్టులు జరిగేవి, సరుకు మాత్రం వస్తూనే ఉండేది.

విసిగిన పోలీసు శాఖాధిపతి డారిల్ గేట్స్ 1983లో దారి మార్చాడు. హైస్కూల్లో పట్టుకోవడం కంటే 5, 6 తరగతుల్లోనే చెప్పి ఆపితే పోలేదా? అలా మొదలైంది 'డేర్': పోలీసులే బడికొచ్చి, మత్తుమందుల జోలికి పోవద్దని పాఠం చెప్పే కార్యక్రమం. తొలి ఏడాది 10 మంది పోలీసులు, 50 బడులు. ఇదే గేట్స్ 1990లో సెనెట్ కమిటీ ముందు, సరదాకి మత్తు వాడేవాళ్లను కాల్చిపారేయాలన్నాడు. పసిపిల్లలకు నచ్చజెప్పే కార్యక్రమం, ఈ మాట, రెండూ ఒక మనిషివే.

పాఠాలు పోలీసులు రాసుకున్నవి కావు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పిల్లలను మత్తుకు దూరంగా ఉంచే పాఠాల మీద 'స్మార్ట్' అనే ప్రయోగం అప్పటికింకా నడుస్తోంది. స్కూల్ డిస్ట్రిక్టులో (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ఆరోగ్య విద్య చూసే రూత్ రిచ్ దాన్నుంచి తీసుకుని మలిచారు. 1988లో ఫలితాలొచ్చేసరికి, ఆత్మవిశ్వాసం, భావోద్వేగాల మీద నడిపిన భాగం బెడిసికొట్టిందని తేలింది. ఆ తరహా పాఠాలు అప్పటికే డేర్‌లో చేరి, ఊళ్లు దాటిపోయాయి. నిజంగా కొత్తగా కలిపింది ఒక్కటే: నల్లబల్ల ముందు యూనిఫాం.

పిల్లలకు నచ్చింది కూడా అదే. 17 వారాలు, వారానికో పాఠం. పేరు రాయకుండా ప్రశ్నలు వేయడానికి ఒక పెట్టె. ఆఖరి రోజు చిన్నసైజు స్నాతకోత్సవం: వ్యాసం చదవాలి, ప్రమాణం చేయాలి, సర్టిఫికెట్ అందుకోవాలి. ఆ పైన నల్ల టీ-షర్టు, దాని మీద ఎర్ర అక్షరాలతో 'డేర్'. తల్లిదండ్రులు ఫొటోలు తీసుకునేవారు. ఏ నాయకుడు కాదంటాడు?

అది అధ్యక్షుడు రీగన్ భార్య నాన్సీ, మత్తుకు 'జస్ట్ సే నో' (వద్దని చెప్పేయండి) అంటూ తిరుగుతున్న కాలం. (ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో పుట్టిన మత్తుమందుల నిరోధక విభాగం ఈగల్ పోలీసుల 'డ్రగ్స్ వద్దు బ్రో' దానికి దూరపు చుట్టమే.) బడుల్లో మత్తు నివారణకు నిధులిచ్చే 1986 నాటి ఫెడరల్ చట్టాన్ని 1989లో సవరించి, గవర్నర్ల చేతికొచ్చే నిధుల్లో 10 శాతం యూనిఫాంలోని పోలీసులు చెప్పే తరహా కార్యక్రమాలకే కేటాయించారు. ఆ కొలతకు సరిపోయే చొక్కా అప్పటికే కుట్టి ఉంది. ఒక దశలో దేశంలోని స్కూల్ డిస్ట్రిక్టుల్లో ముప్పావు వంతు డేర్‌లో ఉన్నాయి.

మరి పిల్లలు మానేశారా? న్యాయశాఖ పరిశోధన విభాగం డబ్బిచ్చి చేయించిన సమీక్ష 1994లో పూర్తయింది. వాడకం మీద డేర్ ప్రభావం అంతంతమాత్రమేనని అందులో తేలింది. డబ్బిచ్చిన విభాగమే దాన్ని ప్రచురించనంది. చివరికి ఓ ప్రజారోగ్య పత్రికలో అచ్చయింది. 1999లో కెంటకీ పరిశోధకులు, ఆరో తరగతిలో డేర్ చదివిన పిల్లలను పదేళ్ల తర్వాత వెతికి పట్టుకున్నారు. చదివినవాళ్లకూ చదవనివాళ్లకూ తేడా కనబడలేదు. 2001లో సర్జన్ జనరల్ (దేశ ప్రజారోగ్య ప్రధానాధికారి) నివేదిక దీన్ని పనిచేయని కార్యక్రమాల జాబితాలో వేసింది.

దాంతో మరమ్మతు మొదలైంది. ఓ పెద్ద ఫౌండేషన్ సొమ్ముతో ఆక్రన్ విశ్వవిద్యాలయం కొత్త పాఠాలు తయారుచేస్తే, అవి విన్న పిల్లల్లో సిగరెట్లూ మద్యమూ కాస్త పెరిగినట్టు 2009లో బయటపడింది. అదే ఏడాది డేర్ మరో పాఠ్యక్రమం అరువు తెచ్చుకుంది. దాని పేరు 'కీపిన్ ఇట్ రియల్'. ఉపన్యాసాలు తగ్గించి, పిల్లలచేత చిన్నచిన్న సన్నివేశాలు నటింపజేస్తూ వద్దనడం, కారణం చెప్పడం, తప్పుకోవడం, అక్కణ్నుంచి వెళ్లిపోవడం నేర్పుతారు. ఫీనిక్స్‌లో ఈ పాఠాలను పరీక్షించి మంచి ఫలితాలు చూపినప్పుడు, క్లాసులో వాటిని చెప్పింది మామూలు టీచర్లు. డేర్‌లో చెబుతున్నది పోలీసులే.