బక్కగా ఉన్నవాడికి పరుగెందుకు?

విజయనగరం

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. పండుగకు వచ్చినప్పుడు మీలో ఒకడు "నేను బక్కగానే ఉన్నాను కదా తాతా, నాకు పరుగెందుకు?" అని అడిగాడు. జవాబు కొంచెం పొడుగైనది కాబట్టి ఉత్తరంలో రాస్తున్నాను.

పెద్ద చెరువు గట్టు మీద పరుగెత్తేటప్పుడు ఆయాసం ఎంత ఆలస్యంగా వస్తే అంత దమ్ము ఉందంటాం. శరీరం పూర్తిగా శ్రమించినప్పుడు నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చూసి శాస్త్రజ్ఞులు దీనిని కొలుస్తారు. ఇది కండబలం కాదు; వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారి ఘనత వేరే లెక్కలోది.

మామూలుగా కండరంలోకి చక్కెర చేరడానికి క్లోమం స్రవించే ఇన్సులిన్ అనే హార్మోన్ కావాలి, అయితే పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని చక్కెరను తీసుకోగలదు. రోజూ పరుగెత్తడం అలవాటైతే కండరకణాల్లో కొవ్వును దహించే మైటోకాండ్రియాలు పెరుగుతాయి, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు తగ్గుతాయి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్.డి.ఎల్. కొద్దిగా పెరుగుతుంది. పరగడుపు చక్కెర మామూలు హద్దయిన 100 లోపు ఉందని మాత్రం నిశ్చింతగా ఉండకూడదు, ఎందుకంటే కణాలు ఇన్సులిన్ మాట వినడం తగ్గించినా క్లోమం మరింత ఇన్సులిన్ స్రవించి ఆ అంకెను చాలాకాలం నిలబెడుతుంది.

ఇక కొవ్వు సంగతి. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే ప్రచురించారు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బి.ఎం.ఐ. ఇద్దరికీ 22.3 అయినా, శరీరంలో కొవ్వు యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్లలో బక్కగా కనిపించేవారికి కూడా పొట్ట లోపల, కాలేయంలో కొవ్వు పేరుకోవడం అరుదు కాదు. అందుకే మన దేశంలో పెద్దలకు నడుము కొలత హద్దును పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లుగా పెట్టుకున్నారు.

లెక్కలు ఇష్టమైనవారు ఇక్కడ కాసేపు ఆగాలి. నిమిషానికి 2.4 లీటర్ల ఆక్సిజన్ వాడుకోగల మనిషి 60 కిలోలుంటే కిలో బరువుకు 40 మిల్లీలీటర్లు, అదే మనిషి కొవ్వు పెరిగి 80 కిలోలైతే 30. గుండె పనిలో ఏ మార్పూ లేకుండానే అంకె పడిపోయింది. కాబట్టి ఇలా బరువుతో భాగించిన దమ్ము ఎక్కువున్నవారి రక్తపరీక్షలు మెరుగ్గా కనిపించే సంబంధంలో కొంత నిజానికి కొవ్వుదే. కొవ్వును విడిగా లెక్కగడితే ఆ సంబంధం చాలా అధ్యయనాల్లో బలహీనపడుతుంది. అంతమాత్రాన పరుగు వృథా అని నేను అనను, ఎందుకంటే బరువు ఒక్క కిలో తగ్గకపోయినా వ్యాయామంతో కాలేయంలోని కొవ్వు తగ్గవచ్చు, ఇన్సులిన్ పనితీరు మెరుగుపడవచ్చు.

మీ వయసువారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శ్రమ. కబడ్డీ, ఈత, సైకిలు ఏదైనా సరే. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆగిపోయి ముందు డాక్టరుకు చూపించుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య