రిలాక్సిన్ వల్ల ఎముకలు జారిపోవు: గర్భిణుల కటి నొప్పిపై అపోహలు, వాస్తవాలు

అపోహ: గర్భంలో రిలాక్సిన్ అనే హార్మోన్ పెరిగి కటి కీళ్ళన్నీ సడలిపోతాయి, కాబట్టి నొప్పి మొదలైన రోజు నుంచి కాన్పు వరకు కదలకుండా పడుకోవాలి.

తిరుపతిలో ప్రసూతి వైద్యురాలిగా నేను ఎక్కువసార్లు వినే మాట ఇదే. "మా పాపకు కీళ్ళన్నీ వదులైపోయినాయంట మేడమ్, మంచం దిగితే ఎముకలు జారిపోతాయంట" అని తల్లి చెబుతూ ఉంటే, పక్కన ఆ అమ్మాయి భయంతో ముడుచుకుని కూర్చుని ఉంటుంది. ఆమె నొప్పి నిజమైనదే. దానికి ఎవరో చెప్పిన కారణం మాత్రం సగమే నిజం, ఇచ్చిన సలహా పూర్తిగా తప్పు. నెలల తరబడి మంచం మీదే ఉంటే నడుము, తొడల కండరాలు నీరసించి నొప్పి ఇంకా పెరుగుతుంది. గర్భంలో రక్తం గడ్డకట్టే గుణం ఎలాగూ ఎక్కువ కనుక, కదలిక లేకపోతే కాలి సిరల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదమూ ఉంది.

ఈ నమ్మకానికి మూలం గినీ పందులలో ఉంది. 1926లో ఫ్రెడరిక్ హిసా అనే అమెరికన్ శాస్త్రవేత్త, గర్భంతో ఉన్న జంతువుల సీరం ఎక్కిస్తే గినీ పందుల కటి ముందుభాగంలో ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు సడలుతుందని చూపించారు. వాటి పిల్లలు తల్లి కటితో పోలిస్తే చాలా పెద్దవి కాబట్టి, ఆ ఎముకలు బాగా విడిపోతే తప్ప కాన్పు జరగదు. స్త్రీలలో అంత మార్పు జరగదు. ముందువైపు కటి ఎముకల మధ్య మామూలుగా ఉండే నాలుగైదు మిల్లీమీటర్ల ఎడం గర్భంలో మరో 2, 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంతే.

పైగా కాలం కూడా పొసగదు. మనుషులలో ఈ హార్మోన్ అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడే కార్పస్ లూటియం అనే గ్రంథి నుంచి వస్తుంది. రక్తంలో దాని మోతాదు మూడో నెల చివర్లో గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత తగ్గుతుంది. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమందికి నొప్పి ఐదో నెల దాటాకే ముదురుతుంది. తీవ్రమైన నొప్పి ఉన్నవారిలో రిలాక్సిన్ ఎక్కువగా ఉందని 1986లో ఒక పరిశోధన చెప్పిన మాట నిజమే కాని, తర్వాత జరిగిన అధ్యయనాలన్నిటినీ పరిశీలించిన 2012 నాటి సమీక్షలో ఆ సంబంధం నిలకడగా కనబడలేదు. కీళ్ళు ఎంత సడలాయన్న దానికంటే, రెండు వైపులా సమానంగా సడలకపోవడానికే నొప్పితో ఎక్కువ సంబంధం ఉన్నట్టు తెలిసింది. ముందునుంచే నడుము నొప్పి ఉండటం, కటికి పాత దెబ్బ, బరువు పని కూడా కారణాలవుతాయి.

పాకాల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఈ భయంతోనే శ్రీసిటీలోని ఉద్యోగం మానేసి, బాత్‌రూమ్‌కు కూడా ఒకరి భుజం పట్టుకుని వెళ్ళే స్థితికి వచ్చింది. పిరుదుల, పొట్ట కండరాలకు వ్యాయామాలు, నిలబడేటప్పుడు కటి బెల్టు, పడుకునేటప్పుడు మోకాళ్ళ మధ్య దిండు, కూర్చుని బట్టలు మార్చుకోవడం, ఒంటి కాలిపై భారం పడనివ్వకపోవడం: ఆమెకు చెప్పిన చికిత్స ఇదే. నొప్పి కాన్పు దాకా కొంత ఉండనే ఉంది, కాని ఆమె తన పనులు తాను చేసుకుంది. పుత్తూరు కట్టు కట్టించమంటారా అని అడిగే అత్తలకు, ఇక్కడ విరిగినదీ జారినదీ ఏమీ లేదని చెబుతాను. అలిపిరి మెట్ల మొక్కు ఉందనే వారికి, ఈ నొప్పితో 3,550 మెట్లు వద్దని, కాన్పయి కోలుకున్నాక తీర్చుకోమని చెబుతాను.

రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, ఆగి ఆగి వచ్చే నొప్పులు, జ్వరం, కాళ్ళ తిమ్మిరి, ఒకే పిక్క వాచి నొప్పెట్టడం ఉంటే మాత్రం, అది కటి నొప్పేనని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి రావాలి.

మిగతా అపోహలు ఇంత నష్టం చేయవు. రిలాక్సిన్ రక్తపరీక్ష ఫలితంతో చికిత్స ఏమీ మారదు కాబట్టి దానికి డబ్బు పెట్టవద్దు. ఇది నిర్మాణంలో ఇన్సులిన్ కుటుంబానిదే అయినా, దీన్ని అందుకునే కణాల మీది రిసెప్టర్లు వేరే తరగతికి చెందినవని 2002లోనే తేలింది. గర్భంలో వచ్చే షుగర్‌ను దీని మీదకు నెట్టడం సరికాదు. ఇది ఆడవారి హార్మోన్ మాత్రమే కాదు, మగవారి ప్రోస్టేట్‌లోనూ తయారవుతుంది. ఇదే కుటుంబానికి చెందిన హార్మోన్ ఐఎన్‌ఎస్‌ఎల్3 మగశిశువు వృషణాలు కిందికి దిగడానికి తోడ్పడుతుంది. అవి దిగకపోతే తల్లి తిండినో పనినో నిందించకుండా, ఆరు నెలలు దాటగానే పిల్లల సర్జన్‌కు చూపించాలి. గుండె వైఫల్యానికి రిలాక్సిన్ మందు వచ్చేసిందన్న ప్రచారమూ నిజం కాదు. సెరెలాక్సిన్ అనే ఆ మందు 2013లో ఆశ కలిగించినా, ఆరున్నర వేల మందికి పైగా పాల్గొన్న తర్వాతి ట్రయల్‌లో మరణాలను తగ్గించలేకపోయింది.

చివరిది, ఐవీఎఫ్ దంపతులు అడిగేది. దాత అండంతోనో, హార్మోన్ మాత్రలతో గర్భాశయాన్ని సిద్ధం చేసి పెట్టిన ఫ్రోజెన్ పిండంతోనో గర్భం వస్తే కార్పస్ లూటియం ఉండదు, రక్తంలో రిలాక్సిన్ కూడా కనిపించదు. అయినా నెలలు నిండి ఆరోగ్యంగా కాన్పులు జరుగుతున్నాయి. అయితే మూత్రపిండాలకు, రక్తనాళాలకు గర్భం తొలినాళ్ళలో రిలాక్సిన్ చేసే సాయం అందకపోవడం వల్లనే అలాంటి గర్భాలలో ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) కొంత ఎక్కువగా కనిపిస్తోందేమోనన్న అనుమానం బలంగా ఉంది, ఇంకా రుజువు కాలేదు. అలా గర్భం దాల్చినవారు ఆ సంగతి తమను చూసే డాక్టరుకు మొదటే చెప్పి, ఏ నెలా మానకుండా బీపీ చూపించుకోవాలి.