ఆడవాళ్ల నైట్ షిఫ్ట్: వందేళ్ల కింద వేసిన తాళం

శ్రీసిటీ ఫ్యాక్టరీలకు సత్యవేడు, తడ, సూళ్లూరుపేట వైపు నుంచి అమ్మాయిలు కంపెనీ బస్సుల్లో వస్తుంటారు. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు రాత్రి షిఫ్ట్ చేయడానికి వీలుగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో చట్టాన్ని మార్చే పని చేపట్టింది. రాత్రిపూట పంపాలా వద్దా అన్నది ఇంట్లో తేల్చుకునే సంగతి. అసలు ఇన్నాళ్లూ ఎందుకు వద్దన్నారో చూడాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ల రాత్రి పనిని ఆపాలని 1906లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో యూరప్ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ దాన్నే తన తొలి ఒప్పందాల్లో చేర్చింది. 1921లో మన దేశం దానికి ఒప్పుకుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం, సెక్షన్ 66 ప్రకారం ఆడవాళ్లు ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే పనిచేయాల్సి ఉండేది. రాష్ట్రాలు ఈ వేళలను కొంత సడలించే వీలుండేది, కానీ రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా మాత్రం కుదిరేది కాదు.

ఇందులో ఒక తమాషా ఉంది. చేపలను ఎండబెట్టే, డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలకు మాత్రం మినహాయింపు ఇవ్వొచ్చని అదే సెక్షన్ చెప్పింది, సరుకు పాడైపోతుందని! చిత్తూరు తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ఊసు అందులో లేదు. తిరుపతి రుయా ఆస్పత్రి నర్సుల నైట్ డ్యూటీకి ఈ చట్టం అడ్డే రాలేదు, అది ఫ్యాక్టరీ కాదు గనుక. కాపాడాల్సింది ఆడవాళ్లనే అయితే ఆ రక్షణ మిషన్ల దగ్గరే ఎందుకు ఆగిందో నాకైతే అర్థం కాదు.

యూరప్‌లో ఈ నిషేధాన్ని కోర్టులే కూల్చాయి. ఫ్రాన్స్ చట్టం సమానత్వానికి విరుద్ధమని 1991లో యూరప్ న్యాయస్థానం తేల్చింది. మరుసటి ఏడాది జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం అదే మాటంది. ఇక్కడ 2000లో మద్రాసు హైకోర్టు, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిబంధనను కొట్టేశాయి. తీర్పులొచ్చినా చట్టం పుస్తకంలో సెక్షన్ అలాగే ఉండిపోయింది.

జపాన్ దారి వేరు. 1999 నుంచి ఆడవాళ్ల మీద రాత్రి ఆంక్షలు ఎత్తేసింది. బడి ఈడు రాని పిల్లలున్నవాళ్లు, ఇంట్లో జబ్బుపడినవాళ్లను చూసుకునేవాళ్లు రాత్రి పని వద్దని కోరవచ్చంది. ఈ హక్కు తండ్రికీ ఉంది. స్వీడన్ అంతకంటే ముందే, 1974లో, పిల్లల కోసం తీసుకునే సెలవును తల్లిదండ్రులిద్దరికీ ఇచ్చి, ఆ డబ్బు సామాజిక బీమా నుంచి చెల్లించింది.

మన దగ్గర రాత్రి షిఫ్ట్‌కు ఆమె రాతపూర్వక అంగీకారం, రానుపోను బండి, కాపలా, వెలుతురు షరతులు. అవసరమైనవే, కాదనను. కానీ అన్నీ ఆమె చుట్టూ తిరిగేవే. 2017 ప్రసూతి చట్ట సవరణ సెలవును 12 వారాల నుంచి 26కు పెంచింది, కార్మికుల బీమా పథకం ఈఎస్ఐ పరిధిలో లేనివాళ్లకు ఆ జీతభారం యజమాని మీదే పడుతుంది. కొత్తగా ఆడపిల్లను తీసుకునేటప్పుడు ఆ లెక్క యజమాని మనసులో మెదలకుండా ఉంటుందా? 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలనీ అదే సవరణ చెప్పింది. అక్కడికి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలు మాత్రం తల్లికే రాసిపెట్టింది.