ఎడిటర్ మారిస్తే ఎర్ర గీతలు పోవు నాయనా!

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో, ఓ మేడ మీద గదిలో సాయంత్రాలు పిల్లలకి హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష చెప్తుంటాను. వచ్చినవాడల్లా ముందు అడిగేది ఒకటే, కోడ్ రాయడానికి ఏ ఎడిటర్ వేసుకోవాలి సార్ అని.

అపోహ: కోడ్ నిండా తప్పులు చూపే ఎర్ర గీతలొస్తే ఆ ఎడిటర్ పనికిరాదు.

వాస్తవం: అసలు ఏ ఎడిటర్‌కీ హాస్కెల్ రాదు. వీఎస్ కోడ్ కానీ, ఈమాక్స్ కానీ, నియోవిమ్ కానీ, టైపులు చూసి తప్పులు చెప్పేది వెనకాల నడిచే హాస్కెల్ లాంగ్వేజ్ సర్వరే (హెచ్ఎల్ఎస్). మీరు ఎడిటర్ మార్చినా ఆ సర్వర్ మారదు, గీతలూ పోవు. దాన్ని జీహెచ్‌సీ, అంటే హాస్కెల్ కంపైలర్, ఏ వెర్షన్‌తో కట్టారో మీ ప్రాజెక్టుకీ అదే వెర్షన్ ఉండాలి, చివరి అంకెతో సహా.

చీపురుపల్లి కుర్రాడొకడు పది రోజుల్లో మూడు ఎడిటర్లు మార్చి, చివరికి ల్యాప్‌టాప్ ఫార్మాట్ కూడా కొట్టేసి వచ్చాడు. "ఏటి సార్ ఇది, నాకే ఇలాగవుతోంది" అంటుంటే వాడి మొహం చూడలేకపోయాను. టెర్మినల్‌లో జీహెచ్‌సీ వెర్షన్లు దింపుకునే జీహెచ్‌సీఅప్ పట్టిక (జీహెచ్‌సీఅప్ టీయూఐ) తెరిపించా. వాడు వాడుతున్నది అన్నిటికన్నా కొత్త జీహెచ్‌సీ, దాని పక్కన 'హెచ్ఎల్ఎస్ పవర్డ్' అన్న మాట లేదు, అంటే దానికి లాంగ్వేజ్ సర్వర్ ఇంకా సిద్ధంగా లేదన్నమాట. కొత్తదే మంచిదని ఎవరో చెప్పారట! ఎవరో, ఎప్పుడూ ఎవరో. కిందకి దిగి 'రికమెండెడ్' అని ఉన్నదాని మీద ఇన్‌స్టాల్‌కి ఐ నొక్కాం, అది దిగేలోపు టీ తాగొచ్చి, దాన్నే వాడమని ఎస్ నొక్కి, ఎడిటర్ మూసి తెరిచాం. ఈసారి ఒక్క ఫైలు కాకుండా, ప్రాజెక్టు వివరాలుండే కబల్ ఫైలున్న ఫోల్డర్ మొత్తాన్ని తెరిపించాను, ఒక్క ఫైలే తెరవడం కూడా చాలామంది చేసే తప్పే. గీతలన్నీ పోయి ఒక్కటి మిగిలింది. అది వాడి సొంత తప్పు: స్ట్రింగ్‌కి ప్లస్ ప్లస్‌తో మార్కుల సంఖ్యని నేరుగా అతికించాడు, సంఖ్యని స్ట్రింగ్‌గా మార్చే షో పెట్టలేదు.

ఈమాక్స్ రాకపోతే హాస్కెల్ రాదనేది పాత మాట. ఏ ఎడిటరైనా లాంగ్వేజ్ సర్వర్‌తో మాట్లాడగలిగే లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ 2016లో వచ్చాక ఆ గొడవే తీరిపోయింది, మీ చేతికి అలవాటైనది వాడుకోండి. ఓకామెల్ అనే ఇంకో భాషకి మారితే ఈ బాధ ఉండదా అంటారు, అక్కడ ఇదే పని చేసే మెర్లిన్‌కీ కంపైలర్ వెర్షన్ కుదరాల్సిందే.

అపోహ: 4 జీబీ ల్యాప్‌టాప్ మీద హాస్కెల్ కుదరదు.

ఇది విని ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్ కోసం గొడవపడ్డవాళ్లున్నారు. లాంగ్వేజ్ సర్వర్ మెమరీ బాగా తింటుంది, నిజమే. దాన్ని ఆపేయండి. మామూలు ఎడిటర్ ఒకపక్క, టెర్మినల్‌లో హాస్కెల్ నడిపి చూసుకునే జీహెచ్‌సీఐ ఇంకోపక్క పెట్టుకుని, సేవ్ చేసినప్పుడల్లా ఫైలు మళ్లీ చదవమని కోలన్ ఆర్ (:r) కొట్టండి, టైపు కావాలంటే కోలన్ టీ (:t). అదీ బద్ధకమైతే జీహెచ్‌సీఐడీ (ghcid) అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకోండి, సేవ్ చేయగానే తనే మళ్లీ చూసి, తప్పులుంటే చెప్తుంది, లేకపోతే 'ఆల్ గుడ్' అని పచ్చగా చూపిస్తుంది.