విశాఖ తేమగాలిలో విద్యుత్ పాఠం

విశాఖపట్నంలో స్థిర విద్యుత్తు గురించి బోధించే ఉపాధ్యాయులకు సముద్రపు గాలి పెద్ద ఇబ్బంది. పొడి జుట్టుకు రుద్దిన ప్లాస్టిక్ దువ్వెన కాగితపు ముక్కలను ఆకర్షిస్తుందని పుస్తకం చెబుతుంది. ఆగస్టు నెలలో తరగతి గదిలో చేసి చూపబోతే ముక్కలు కదిలినట్టే కదిలి ఆగిపోతాయి. అప్పుడు నల్లబల్ల మీద బొమ్మ గీసి ముందుకు సాగిపోవాలనిపించడం సహజమే. కానీ ప్రయోగం విఫలమైన ఆ క్షణమే ఈ పాఠంలో అత్యంత విలువైనదని నేను గట్టిగా నమ్ముతాను.

రాపిడి వల్ల దువ్వెనకు ఎలక్ట్రాన్లు చేరి, దానికి విద్యుదావేశం (క్లుప్తంగా ఆవేశం) వచ్చిన మాట నిజమే. అయితే గాలిలోని తేమ దువ్వెన మీద కంటికి కనిపించని పలుచని నీటి పొరగా ఏర్పడుతుంది. చేతి చెమటలోనివీ, సముద్రపు గాలి మోసుకొచ్చేవీ అయిన లవణాలు అందులో కరిగి అయాన్లుగా, అంటే ఆవేశమున్న కణాలుగా, విడిపోయి, దువ్వెన మీది ఆవేశం దాన్ని పట్టుకున్న చేతిలోకి చేరడానికి దారి ఇస్తాయి. (తేమగాలి తనంతట తానే మంచి వాహకమని, అంటే విద్యుత్తును తేలిగ్గా పోనిస్తుందని, చాలామంది అనుకుంటారు. ఇక్కడ ముఖ్యమైన దారి గాలి కాదు, ఉపరితలం మీది నీటి పొర.) అంటే ఆవేశం మాయం కాలేదు, ఒకచోటి నుంచి మరొకచోటికి కదిలింది. కదిలే ఆవేశమే విద్యుత్ ప్రవాహం.

ఆ ప్రవాహాన్ని పిల్లల చేత లెక్క కట్టించవచ్చు. దువ్వెన మీద కూలుంబులో (ఆవేశాన్ని కొలిచే ప్రమాణం) పది కోట్లవ వంతు ఆవేశం ఉండి, అది పది సెకన్లలో జారిపోయిందని అనుకుందాం. సగటు ప్రవాహం ఆంపియరులో (ప్రవాహాన్ని కొలిచే ప్రమాణం) వంద కోట్లవ వంతు అవుతుంది. ఎంతో స్వల్పంగా కనిపించే ఈ ప్రవాహం కూడా సెకనుకు దాదాపు 624 కోట్ల ఎలక్ట్రాన్ల ఆవేశానికి సమానం. ఆవేశాన్ని ఒక తరగతిలో, ప్రవాహాన్ని మరో తరగతిలో చదివి రెంటినీ వేర్వేరు విషయాలుగా గుర్తుపెట్టుకున్న విద్యార్థికి, ఆంపియర్ అంటే సెకనుకు ఒక కూలుంబ్ అన్న నిర్వచనం అప్పుడు అర్థవంతమవుతుంది.

విజ్ఞాన చరిత్రలోనూ ఈ రెండు భావనలను కలపడానికి తేమ తోడ్పడింది. 1729లో ఇంగ్లండుకు చెందిన ప్రయోగకర్త స్టీఫెన్ గ్రే, రుద్దిన గాజు గొట్టం నుంచి ఆవేశాన్ని నార తాడు గుండా వందల అడుగుల దూరం పంపగలిగాడు. ఆ తాడును వాహకంగా మార్చింది దానిలోని తేమే. తాడును పట్టు దారాలతో వేలాడదీసినప్పుడు ప్రయోగం ఫలించింది, లోహపు తీగలతో వేలాడదీస్తే ఆవేశం వాటి గుండా పోయింది. రాపిడి విద్యుత్తూ, విద్యుత్ ఘటాల (బ్యాటరీల) నుంచి వచ్చే విద్యుత్తూ ఒకటేనని 1833లో ఆంగ్ల శాస్త్రవేత్త మైకేల్ ఫారడే నిరూపించినప్పుడు, నిల్వచేసిన ఆవేశాన్ని తడి దారం గుండా నెమ్మదిగా పోనిచ్చాడు. ప్రవాహాన్ని పసిగట్టే గాల్వనోమీటరు ముల్లు కదిలింది.

ఈ పునాది పడ్డాక విద్యుత్ వలయాల (సర్క్యూట్ల) పాఠం తేలికవుతుంది. బల్బు కరెంటును తినేస్తుందన్న ఊహ పిల్లల్లో చాలా బలంగా ఉంటుంది, మాటలతో అది పోదు. బల్బుకు ముందొక అమ్మీటరు (ప్రవాహాన్ని కొలిచే పరికరం), తరువాత మరొకటి కలిపి, స్విచ్ వేయకముందే రెండో దానిలో ఎంత చూపుతుందో ప్రతి విద్యార్థి చేతా రాయించాలి. రెండూ ఒకే విలువ చూపినప్పుడు, దువ్వెన దగ్గర తాము చూసినట్టే ఇక్కడా ఆవేశం నశించలేదని వారే గ్రహిస్తారు; వెలుగుగా, వేడిగా మారినది శక్తి.

పైతరగతుల వారు మరొక లెక్క చేయవచ్చు. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యమున్న రాగి తీగలో ఒక ఆంపియర్ ప్రవహిస్తుంటే ఎలక్ట్రాన్ల అపసర వేగం (అవి తీగ వెంబడి సగటున ముందుకు సాగే వేగం) సెకనుకు సుమారు 0.07 మిల్లీమీటర్లు మాత్రమే, ఒక మీటరు సాగడానికి నాలుగు గంటల సమయం పడుతుంది. అయినా స్విచ్ వేయగానే బల్బు వెలగడానికి కారణం, తీగ పొడవునా ముందే ఉన్న ఎలక్ట్రాన్లన్నిటినీ విద్యుత్ క్షేత్రం దాదాపు ఒకేసారి కదిలించడమే.